పాత గ్రామఫోన్ ప్లేట్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా అమ్మమ్మగారింట్లో అటక మీద నాటక పద్యాల ప్లేట్లు దొరికాయి. కొన్నిటికి కుక్కబొమ్మ లేదు, ‘ఓడియన్’ అని ఉంది. కాగితం కవరు మీద సరస్వతి స్టోర్స్, మద్రాసు అని అచ్చువేశారు. ఇదేం కంపెనీ? ఎప్పటివై ఉంటాయి?
— ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: మంచి సరుకు దొరికిందండీ, కవర్లు పారేయకండి.

కలకత్తాలో 1902లో గాయని గౌహర్ జాన్ రికార్డుకు పాడిన నాటి నుంచీ మన దేశంలో రికార్డుల వ్యాపారమంటే ప్రధానంగా గ్రామఫోన్ కంపెనీదే. కుక్కబొమ్మ (హెచ్.ఎం.వి.) ప్లేట్లు వాళ్లవే. 1930ల్లో ఆ పట్టు కాస్త సడలింది. కలకత్తాలో 1932లో హిందుస్థాన్ రికార్డులు వచ్చాయి. మొదటి ప్లేటు మీద సాక్షాత్తూ రవీంద్రనాథ్ టాగూరు గొంతు. అదే ఏడాది మద్రాసులో ఎ.వి.మెయ్యప్పన్ భాగస్వాములతో కలిసి సరస్వతి స్టోర్స్ పెట్టి, ఓడియన్ పేరుతో దక్షిణాది రికార్డులు తెచ్చారు. తర్వాత ఏవీఎం సినిమాలు తీసింది ఆయనే.

ఓడియన్ జర్మనీ కంపెనీ. 1931లో బ్రిటన్‌లో ఇ.ఎం.ఐ. అనే పెద్ద రికార్డుల కంపెనీ ఏర్పడ్డాక కుక్కబొమ్మ, కొలంబియా, ఓడియన్ మూడూ పైన ఒకే గొడుగు కిందికి చేరాయి. కాబట్టి యంత్రాలూ పెట్టుబడీ లెక్కన సరస్వతి స్టోర్స్ పూర్తి స్వతంత్ర కంపెనీ కాదు. అయితే ఎవరిచేత పాడించాలి, ఏ ఊళ్లో ఏది అమ్ముడుపోతుంది అన్నది మద్రాసులో ఉన్నవాళ్లకే తెలుసు. మా దృష్టిలో అసలు స్వాతంత్ర్యం అదే. మైనపు పలకల మీద పాట ఎక్కించి, ఓడలో జర్మనీకి పంపి, అక్కడ ప్లేట్లు ఒత్తించి తెప్పించేవారు. మీ ప్లేటు మీద ‘మేడ్ ఇన్ జర్మనీ’ అని ఉంటే అది 1939లో యుద్ధం మొదలవకముందుదే.

ఇంకా దగ్గరగా తేల్చాలంటే లేబుల్ పక్కన గాడి లేని నున్నటి అంచు చూడండి. టార్చిలైటు ఏటవాలుగా వేస్తే అక్కడ ఒత్తిన అంకెలు కనిపిస్తాయి. అది మ్యాట్రిక్స్ నంబరు, అంటే పాట ఎక్కించిన వరుస. లేబుల్ మీది నంబరు అమ్మకానికి ఇచ్చింది. రెండూ రాసుకోండి. ఒక్కో వైపు మూడు నిమిషాలకు కాస్త అటూఇటుగానే పడుతుంది కనుక నాటకాన్ని చాలా ప్లేట్ల సెట్టుగా అమ్మేవారు. సెట్టులో ఏది పోయిందో ఈ నంబర్లే పట్టిస్తాయి.

ప్రశ్న: బూజు పట్టిన ప్లేట్లను స్పిరిటుతో తుడవమన్నారు. తుడవచ్చా?
— ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: వద్దు! 78 ప్లేటులో, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే ఈ పాత ప్లేటులో, రాతిపొడినీ మసినీ పట్టి ఉంచేది లక్క. లక్క స్పిరిటులో కరుగుతుంది. దూదికి నల్లగా అంటేది మురికి కాదు, ప్లేటే. శానిటైజరైనా అంతే.

ముందు పొడి మెత్తని బ్రష్షుతో గాడి వెంబడి దులపండి. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో రెండు మూడు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, లేబుల్ తడవకుండా అదే బ్రష్షుతో తుడిచి, మంచి డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ కడగండి. నాననివ్వొద్దు. నీడలో నిలబెట్టి ఆరబెట్టండి. ఎండలో పెడితే వంకర తిరుగుతుంది. పగులున్న ప్లేటు అసలు కడగొద్దు, నీరు లోపలికి దిగుతుంది.

మన డెల్టాలో గాలి చెమ్మ వల్ల బూజు మొదట కాగితాన్నే పడుతుంది. పాత కవర్లు ఫొటో తీసి విడిగా దాచి, ప్లేట్లకు కొత్తవి తొడగండి. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిటారుగా నిలబెట్టండి.

ప్రశ్న: కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలంటే?
— ఒక నాటక సమాజం, భీమవరం

జవాబు: పాత గ్రామఫోన్ పెట్టె మీద తిప్పొద్దు. ఉక్కు ముల్లు ఒక్కో వైపుకు ఒకటి మార్చాలి. చెమ్మకు తుప్పుపట్టిన ముల్లు గాడిని దున్నేస్తుంది. 78 వేగమున్న టర్న్‌టేబుల్, 3 మిల్ స్టైలస్ (ముల్లు) కావాలి. మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు. ఎల్పీ స్టైలస్ సన్నం, 0.7 మిల్. గాడి అడుక్కి దిగి గరగర తప్ప ఏమీ వినిపించదు. 78 లేకపోతే 45లో తిప్పి, సాఫ్ట్‌వేర్‌లో వేగాన్ని 1.733 రెట్లు చేయండి. మోనోగా మార్చితే చప్పుడు తగ్గుతుంది. సాఫ్ట్‌వేర్‌తో చప్పుడు తీసేయని మూల ప్రతిని వేవ్ ఫైలుగా, 24 బిట్లలో, విడిగా ఉంచండి.

చాలామంది వదిలేసేది శ్రుతి. అన్ని ప్లేట్లూ కచ్చితంగా 78 వేగంతో ఎక్కించినవి కావు. 80తో ఎక్కించింది 78తో తిప్పితే శ్రుతి దాదాపు అర మెట్టు దిగి, గొంతు బరువెక్కుతుంది. మీ హార్మోనిస్టును కూర్చోబెట్టండి. ప్లేటులోని షడ్జమం రెండు మెట్ల మధ్య పడితే వేగాన్ని అనుమానించండి. ఆనాటి హార్మోనియం పెట్టెల శ్రుతి ఈనాటి పెట్టెలతో అచ్చంగా కలవకపోవచ్చు కాబట్టి దీన్ని సూచనగానే తీసుకోండి.

హక్కుల మాట: మన చట్టం ప్రకారం రికార్డు వెలువడిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1930ల ప్లేట్లకు ఆ గడువు తీరిపోయింది. పద్యం రాసిన కవి హక్కు మాత్రం వేరు, ఆయన పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. నలుగురికీ పంచేముందు అది చూసుకోండి.