తలంబ్రాలను దుమ్మనుకునే సాఫ్ట్‌వేర్

ప్రశ్న: మా అమ్మానాన్నల పెళ్లి (1993) క్యాసెట్‌ను స్టూడియోవాళ్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చారు. ఎవరైనా కదిలితే అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలు. అందరూ బొద్దుగా ఉన్నారు. ఏఐ యాప్‌తో 4కె చేయించొచ్చా? తాతయ్య మొహం స్పష్టంగా కావాలి. (కాకినాడ)

వారం వారం ఇదే ప్రశ్న. ఆ గీతలు క్యాసెట్ పాడై వచ్చినవి కావు. మన దేశంలో వాడిన పాల్ పద్ధతి వీహెచ్ఎస్ వీడియో క్యాసెట్లో సెకనుకు 50 సగం బొమ్మలుంటాయి, ఒకదాంట్లో సరి గీతలు, తర్వాతదాంట్లో బేసి గీతలు. రెంటినీ కలిపి ఒకే బొమ్మగా చూపిస్తే పళ్లు కనిపిస్తాయి. వీడియోను మార్చే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, మీ కంప్యూటర్‌లోనే పనిచేస్తుంది. ఫిల్టర్స్‌లో డీఇంటర్‌లేస్‌కి (సగం బొమ్మల్ని విడదీయడానికి) బీడబ్ల్యూడీఐఎఫ్, ప్రీసెట్ బాబ్, ఫ్రేమ్‌రేట్ 50, క్వాలిటీ ఆర్ఎఫ్ 18 పెట్టండి. మనుషులు ముందుకూ వెనక్కూ కుదుపులుగా కదిలితే ఫీల్డ్ ఆర్డర్, అంటే సగం బొమ్మల వరస, తిరగబడినట్టు. బొద్దుతనం స్టూడియోవాళ్ల పుణ్యం: 4:3 బొమ్మను టీవీ నిండా సాగదీశారు. డిస్‌ప్లే నిష్పత్తి 4:3కి మార్చితే పెళ్లికూతురు మళ్లీ సన్నబడుతుంది.

కదిలే చేయి నీడలా రెండుగా కనిపిస్తే మాత్రం స్టూడియోలోనే సగం బొమ్మల్ని ఒకదాంట్లో ఒకటి కరిగించేశారు, అది ఇక విడిపోదు. క్యాసెట్ మళ్లీ ఎక్కించాలి. ఈసారి 720×576, ఇంటర్‌లేస్డ్ (సగం బొమ్మలు ఉన్నవి ఉన్నట్టే), డీవీ ఫార్మాట్‌లో అడగండి. గంటకు దాదాపు 13 జీబీ వస్తుంది. మూడు గంటల పెళ్లిని 2 జీబీలో కుక్కి ఇస్తే తీసుకోకండి. ఇచ్చే ముందు క్యాసెట్ కిటికీలోంచి చూడండి. టేపు అంచున తెల్లటి పొడి ఉంటే అది బూజు. శుభ్రం చేయకుండా వీసీఆర్‌లో పెడితే టేపును చదివే హెడ్లకు అంటుకుని తర్వాతి క్యాసెట్‌కీ పాకుతుంది.

ఇక ఏఐ. మచ్చలు తీసే ఫిల్టర్ చూసేది ఒక్కటే: ముందు ఫ్రేములో లేక, తర్వాతి ఫ్రేములో లేక, మధ్యలో మాత్రమే మెరిసిన తెల్ల చుక్క. గాల్లో ఉన్న తలంబ్రాలు సరిగ్గా అలాగే ఉంటాయి. గట్టిగా పెడితే వధూవరులు ఖాళీ చేతులు విసురుకుంటారు. అమ్మమ్మ ముక్కుపుడక మెరుపూ పోతుంది. గుంపులో తాతయ్య మొహం వెడల్పు పాతిక పిక్సెళ్లకు మించదు. అందులో లేని కళ్లూ పెదాలూ యాప్ తను నేర్చుకున్న మొహాల్లోంచి తెచ్చి అతికిస్తుంది. స్ఫోటకం మచ్చల్ని నాయిస్ అని నున్నగా చేస్తుంది. వచ్చేది స్పష్టమైన మొహమే, తాతయ్యది కాదు. అందుకే యంత్రం చేసిన తప్పులు దిద్దండి, మనుషుల్ని వదిలేయండి. వీడియో లైట్ల వల్ల వచ్చిన పసుపుదనాన్ని ఎడిటర్‌లో వైట్ బ్యాలెన్స్‌తో మధుపర్కాల తెలుపు మీద క్లిక్ చేసి సరిచేయొచ్చు, పసుపు అంటిన అంచు మీద మాత్రం వద్దు. ఆ కాలపు హృదయాకారపు మిక్సింగ్ మీకు నవ్వు తెప్పించినా, అదీ రికార్డే.

నన్ను ఎక్కువ భయపెట్టేది వేరు. ఆ ఉచిత యాప్‌లు వీడియోను ఎక్కడో సర్వర్‌కి పంపుతాయి. పెళ్లి వీడియోలో ఏముంటుందో ఆలోచించారా? పురోహితుడు ప్రవర చెబుతూ గోత్రం, మూడు తరాల పేర్లు మైకులో చదువుతాడు. అమ్మ పుట్టింటి ఇంటిపేరు పెళ్లికూతురి పేరుతోపాటే ఉంటుంది. పాస్‌వర్డ్ మర్చిపోతే ఇప్పటికీ కొన్ని చోట్ల అడిగేది అదే. పైగా మొహాలు, పిల్లలు, గొంతులు. గొంతును అనుకరించడానికి కొన్ని సెకన్ల రికార్డింగ్ చాలు, ఇక్కడ మూడు గంటలుంది. యాప్ మొత్తం గ్యాలరీకి అనుమతి అడిగితే తీసేయండి. ఒక్క ఫైలు సరిచేయడానికి మీ ఫొటోలన్నీ ఎందుకట? టెలిగ్రామ్‌లో దొరికే ‘క్రాక్’ ఎడిటర్లు మరీ ప్రమాదం, వాటితో వైరస్ కూడా దిగుతుంది. యూట్యూబ్‌లో ‘అన్‌లిస్టెడ్’ అంటే దాచినట్టు కాదు, లింకు ఫార్వర్డ్ అయిన ప్రతివాడూ చూస్తాడు.

దిద్దిన కాపీని పాతదాని మీదే సేవ్ చేసే యాప్‌లు తయారుచేసినవాళ్లకు ఓ దండం. అసలు ఫైలు రెండు వేర్వేరు డిస్కుల్లో, ఒకటి వేరే ఇంట్లో ఉంచాకే ఏ ప్రయోగమైనా.

ప్రశ్న: ఇండియా నుంచి వచ్చిన పెళ్లి క్యాసెట్‌ను అప్పట్లోనే ఇక్కడి వీసీఆర్ కోసం మార్పించాం. చూస్తే కుదుపులు. (డాలస్)

మీ దగ్గరున్నది ఎన్‌టీఎస్‌సీ, అంటే అమెరికా టీవీ పద్ధతి కాపీ. సెకనుకు 25 ఫ్రేముల పాల్ బొమ్మను 29.97కి సాగదీయడానికి ఫ్రేములు మళ్లీ వేశారు, కలిపారు. దాన్ని దిద్దుతూ కూర్చోకండి. ఊళ్లో బంధువుల అటక మీద పాల్ క్యాసెట్ ఉందేమో అడిగి, అక్కడే పాల్ వీసీఆర్‌లో ఎక్కించండి.