రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్: సర్జన్ ‘మీరే నిర్ణయించుకోండి’ అంటే ఏం చేయాలి?

ప్రశ్న: మా అమ్మకు 56 ఏళ్లు. కుడి రొమ్ములో చిన్న గడ్డ, తొలి దశ క్యాన్సర్ అన్నారు. గడ్డ వరకే తీయవచ్చు, రొమ్ము మొత్తం తీసేయనూ వచ్చు, ఏదో మీరే చెప్పమంటున్నారు సర్జన్. అంత చదువుకున్న డాక్టరు మమ్మల్ని అడగడమేమిటి? అమ్మకు చెప్పకుండా మేమే తేల్చేద్దామా?

జవాబు: తెలియక అడగలేదండీ. మీ అమ్మగారి విషయంలో రెండు దారులూ ప్రాణానికి ఒకే భరోసా ఇస్తాయి కాబట్టి అడిగారు. ఈ సంగతి 1970లలోనే పరీక్షకు పెట్టారు, అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్, ఇటలీలో ఉంబెర్టో వెరొనేజీ అనే సర్జన్లు. ఇరవై ఏళ్లు గమనించిన ఫలితాలు 2002లో వచ్చాయి. రొమ్ము తీసేయించుకున్నవారికీ, గడ్డ తీసి రేడియేషన్ ఇచ్చినవారికీ ఆయుర్దాయంలో తేడా కనబడలేదు. కాకపోతే ఫిషర్ పరీక్షలో రేడియేషన్ లేకుండా గడ్డ మాత్రమే తీసినవారిలో సుమారు 39 శాతం మందికి అదే రొమ్ములో జబ్బు తిరగబెట్టింది, రేడియేషన్ తీసుకున్నవారిలో 14 శాతానికి. అందుకే గడ్డ వరకే అనుకుంటే రేడియేషన్‌ను కూడా కలిపి లెక్కవేసుకోవాలి.

నాకూ కుడి రొమ్ములోనే వచ్చింది. మావారూ, మా బావగారూ కలిసి ‘మొత్తం తీసేయండి, పీడా పోతుంది’ అని నా ఎదుటే చెప్పేశారు. సర్జన్ కుర్చీ నా వైపు తిప్పుకుని, ‘మీరేం పని చేస్తారమ్మా?’ అని అడిగారు. బడిలో పాఠాలు చెబుతానని, రోజంతా నల్లబల్ల మీద రాయాలని చెప్పాను. అప్పుడాయన ఓపీ చీటీ వెనక బొమ్మ గీసి చంకలోని లింఫు గ్రంథుల గురించి వివరించారు. వాటిని ఎక్కువగా తీస్తే చెయ్యి వాచే ప్రమాదం పెరుగుతుందట. ముందు ఒకటి రెండు గ్రంథులు తీసి పరీక్షించే సెంటినెల్ నోడ్ బయాప్సీ నాకు సరిపోతుందన్నారు. ఆ ఒక్క ప్రశ్న అడగకపోతే నా చేతి సంగతి ఆయన దృష్టికి వచ్చేదే కాదు. మావారు అడిగిన వాటికి కూడా జవాబులు నా మొహం చూసే చెప్పారు.

నేను గడ్డ వరకే తీయించుకున్నాను. మా పక్క మంచం ఆవిడ మొత్తం తీయించుకున్నారు. రేడియేషన్ వారానికి అయిదు రోజుల చొప్పున మూడు వారాలు తిరగాలి, వాళ్ల ఊరి నుంచి పట్నానికి తోడు వచ్చేవారు లేరు. సర్జన్ సరేనన్నారు. ఆవిడ తప్పు చేశారని నేననుకోను. అయితే గ్రంథుల్లో క్యాన్సర్ కనిపిస్తే రొమ్ము తీసేశాక కూడా రేడియేషన్ అవసరం కావచ్చని ఆవిడకు ముందే చెప్పారు. మీరూ అడగండి.

మా బంధువుల్లో సగం మందికి ఇంకో అపోహ ఉంది, రొమ్ము తీసేస్తే కీమో తప్పుతుందని. అదేం లేదు. కీమో కావాలా వద్దా అన్నది కణితి స్వభావాన్ని బట్టి, గ్రంథులను బట్టి తేలుతుంది గానీ ఏ ఆపరేషన్ చేశారన్న దాన్ని బట్టి కాదు. గడ్డ తీశాక అంచుల్లో క్యాన్సర్ కణాలు కనిపిస్తే మళ్లీ కోయాల్సి వస్తుంది. దానికి మనసు ముందే సిద్ధం కావాలి.

సంతకం పెట్టే కాగితం ఆపరేషన్ ముందురోజు రాత్రి హడావిడిగా చేతికిస్తారు. పగలే అడిగి తీసుకుని చదవండి. ‘అవసరమైతే రొమ్ము తొలగింపు’ అని అందులో ఉంటే, ఆ అవసరం ఎలాంటిదో అడగండి. పరీక్ష కోసం ఇచ్చిన సమ్మతిని అవయవం తీసేయడానికి ఇచ్చినట్టుగా భావించకూడదని, ప్రాణాపాయం ఉంటేనే మినహాయింపని సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో 2008లోనే చెప్పింది. స్పృహలో ఉన్న మనిషి తరఫున భర్తో, కొడుకో ఒప్పుకుంటే చాలదు.

కాబట్టి అమ్మకు చెప్పకుండా తేల్చేయడం కుదరదు. ఆవిడను సర్జన్‌కు ఎదురుగా కూర్చోబెట్టి, మీరు పక్కన కూర్చుని రాసుకోండి. ‘మీ ఇష్టం డాక్టరు గారూ’ అని ఆవిడ అనేస్తే కంగారుపడకండి. అలా అనే హక్కూ ఆవిడకుంది. కానీ అంతకుముందు తనకు దేనికి భయమో, ఇంటి పనీ పొలం పనీ ఎంత ఉందో చెప్పమనండి. అది విన్నాక సర్జన్ ఇచ్చే సలహా వేరుగా ఉండవచ్చు. ఆలోచించుకోవడానికి వారం రోజులు తీసుకోవచ్చా అని కూడా అడగండి, నాకు మా డాక్టరు ఇచ్చారు. వెళ్లేటప్పుడు బయాప్సీ రిపోర్టుతో పాటు ఈఆర్, పీఆర్ (హార్మోన్ గ్రాహకాలు), హెర్2 (ఒక ప్రొటీన్) క్యాన్సర్ కణాల్లో ఉన్నాయో లేదో చెప్పే ఫలితాల కాగితం మరచిపోకండి.