రేకీ, యోగా, మా అమ్మ ఉండ్రాళ్ళు

ప్రశ్న: అన్నయ్యా, వందనాలు. మాది విశాఖపట్నం, అక్కయ్యపాలెం. అమెరికా వచ్చి ఎనిమిది నెలలైంది, ఆస్పత్రిలో నర్సుగా చేస్తున్నాను. మా వార్డులో అందరూ వారానికోసారి యోగా క్లాసుకి వెళ్తారు, నన్నూ రమ్మంటున్నారు. ఇప్పుడు పేషెంట్లకు చేయడానికి రేకీ నేర్చుకోమని కూడా అంటున్నారు. అమ్మకి చెబితే ‘రెండూ వద్దు, చర్చి అయ్యగారిని అడుగు’ అంది. కాదంటే అందరికీ దూరమైపోతానేమోనని భయం. ఏం చేయమంటారు?

జవాబు: చెల్లెమ్మా, వందనాలు. సెలవుకి వచ్చి మహారాణిపేటలో మా ఇంటి మేడ మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఆర్కే బీచ్ ఇక్కడికి నడిచి వెళ్ళే దూరమే. 2025 జూన్ 21న, యోగా దినోత్సవం నాడు, అక్కడి నుంచి భోగాపురం వైపు దారి పొడవునా లక్షల మంది ఆసనాలు వేశారు. మా చర్చివాళ్ళలో వెళ్ళినవాళ్ళున్నారు, వెళ్ళకూడదని ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకుంటూ ఇప్పటికీ వాదించుకుంటారు. కాబట్టి ఇది అమెరికా వెళ్తే వచ్చిన చిక్కేమీ కాదు.

ముందుగా ఒక మాట. ఆ రెండిటినీ ఒకే గాటన కట్టకు.

రేకీ నేర్చుకోవద్దనే చెబుతాను. 1922లో జపాన్‌లో మికావో ఉసుయి మొదలుపెట్టిన పద్ధతి అది. చేసేవాళ్ళ అరచేతుల్లోంచి విశ్వశక్తి రోగిలోకి పారుతుందంటారు. నేర్చుకోవడమంటే గురువు దగ్గర ‘అట్యూన్‌మెంట్’ అనే ఒక రకం దీక్ష తీసుకోవడం. అమెరికా కేథలిక్ బిషప్పుల సిద్ధాంత కమిటీ 2009 మార్చిలో దీన్ని కేథలిక్ ఆస్పత్రుల్లో వద్దని చెప్పింది. స్వస్థత దేవుని కృప వల్ల రావాలి, లేదా వైద్యం వల్ల రావాలి, రేకీ ఈ రెండిట్లోనూ ఇమడదన్నది వాళ్ళ వాదన. మేం బాప్టిస్టులం, బిషప్పులు చెప్తే మాకేంటి అంటావేమో. నేనూ బాప్టిస్టునే, నాకు ఆ మాట సబబుగానే తోచింది.

నాకూ ఒకసారి అయింది. నడుము నొప్పికి మసాజని ఒకచోటికి వెళ్తే, బోర్లా పడుకోబెట్టి ఆవిడ ఒంటి మీద చెయ్యే వేయలేదు. తల తిప్పి చూస్తే వీపుకి జానెడు ఎత్తున అరచేతులు ఆడిస్తోంది. ‘మీ శక్తి ఇక్కడ ఆగిపోయింది’ అంది. లేచి వచ్చేయొచ్చు కదా! మొహమాటం. నలభై నిమిషాలు దుంగలా పడుకుని, డబ్బులు కట్టి, నడుము నొప్పితోనే ఇంటికొచ్చాను. అప్పటి నుంచి బల్ల ఎక్కకముందే అడుగుతున్నాను, ఏం చేస్తారు, ఎందుకు చేస్తారు అని.

యోగా సంగతి వేరు. క్లాసు క్లాసుకీ తేడా ఉంటుంది. కొన్నిచోట్ల ఒళ్ళు సాగదీసి పంపేస్తారు, కొన్నిచోట్ల ఓంకారంతో మొదలుపెడతారు. అలబామాలో 1993 నుంచి బడుల్లో యోగానే నిషేధించారు. 2021లో ఆ నిషేధం ఎత్తేసినా, మంత్రాలు వద్దు, ఆసనాల పేర్లు ఇంగ్లిషులోనే ఉండాలి, ‘నమస్తే’ కూడా అనకూడదు అన్నారు! మనం రోజూ పక్కింటివాళ్ళకి పెట్టే నమస్కారం వాళ్ళకి పూజయింది. ఇటు మన సంగతి చూడు. ‘సూర్యనమస్కారం’ అనగానే నీ పక్క తెల్లమ్మాయికి అది ఒట్టి కసరత్తు. నీ చెవికి ఆ మాట అర్థం తెలుసు. ఆ అమ్మాయికి పట్టనిది నీ మనసుకి పట్టొచ్చు, అందుకు సిగ్గుపడక్కర్లేదు. ఒకసారి వెళ్ళి చూడు. ఒంటి వరకే అయితే వెళ్తూ ఉండు. మంత్రాలుంటే పిలాటిస్ అనే కసరత్తు క్లాసు చూసుకో.

కాదని ఎలా చెప్పాలో మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. వినాయక చవితికి పక్కింటి పిన్నిగారు ఉండ్రాళ్ళు తెచ్చేవారు. అమ్మ ఒకసారి ఆవిడ చెయ్యి పట్టుకుని, ‘మీ చేతివంట ఎంతైనా తింటాం పిన్నిగారూ, దేవుడి దగ్గర పెట్టింది మాత్రం వద్దండి, ఏమీ అనుకోకండి’ అంది. ఆవిడ మొహం కాస్త చిన్నబోయింది. మరుసటి ఏడు పేరు చెక్కిన స్టీలు గిన్నెతో మళ్ళీ వచ్చారు. ‘ఇవి మీవి, పిండి విడిగా తీసి వండాను’ అన్నారు. క్రిస్మస్‌కి ఆ గిన్నెలోనే మా అరిసెలు వెళ్ళేవి. బైబిల్లో పౌలు కొరింథీయులకు రాసిందీ దాదాపు ఇదే. పిలిస్తే వెళ్ళు, పెట్టింది తిను, ఇది బలి అర్పించిందని ఎవరైనా చెబితే మాత్రం తినకు.

ఉద్యోగం గురించి బెంగపడకు. 1964 నాటి అమెరికా పౌరహక్కుల చట్టంలో టైటిల్ ఏడు అనే భాగం కింద, యజమానికి మరీ భారం కానంతవరకు నీ విశ్వాసానికి వీలు కల్పించాలి. ఆ భారం పెద్దదే అయి ఉండాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. వీసా మీద ఉన్నావని ఆ హక్కు తగ్గదు. న్యూయార్క్‌లో ఒక కంపెనీ తమ సొంత నమ్మకం ప్రకారం కొవ్వొత్తులు వెలిగించమని, తోటివాళ్ళకి ‘ఐ లవ్ యూ’ చెప్పమని ఉద్యోగులను బలవంతపెడితే 2018లో జ్యూరీ 51 లక్షల డాలర్లు ఇవ్వమంది. నీకు అంతదాకా రాదులే. మీ మేనేజరుకి రెండు ముక్కల్లో ఈమెయిలు రాయి: నా విశ్వాసం వల్ల రేకీ చేయలేను, పేషెంట్లకు వేరే ఏ పని చెప్పినా చేస్తాను అని. కాపీ దాచుకో. అదే రోజు బ్రేక్‌రూమ్‌కి పులిహోర పట్టుకెళ్ళు.

అమ్మకి ఫోన్ చేసినప్పుడు మాత్రం రేకీ వద్దన్నానని ముందు చెప్పు. యోగా సంగతి ఆ తర్వాత.