నియోజకవర్గం అంటే ఊళ్లా, ఓటర్లా?

సందేహం: హాంకాంగ్ శాసనసభ గురించిన ఒక వ్యాసంలో బ్యాంకులకు, బీమా కంపెనీలకు, వాణిజ్య మండళ్లకు 'రిజర్వు చేసిన క్రియాత్మక నియోజకవర్గాలు' ఉన్నాయని చదివాను. 'ఫంక్షనల్ కాన్‌స్టిట్యుయెన్సీ'కి ఇది సరైన తెలుగేనా? ఊళ్లూ మండలాలూ లేనిదాన్ని అసలు నియోజకవర్గం అనవచ్చునా?

సమాధానం: రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, కీలకం అక్కడే ఉంది. నిస్సందేహంగా అనవచ్చు. నియోజకుడంటే నియమించేవాడు, వర్గమంటే సమూహం. తమ తరఫున ఒకరిని నియమించుకొనే సమూహమే నియోజకవర్గం. 'వర్గం'లో నేల ఊసే లేదు. క వర్గం అక్షరాల గుంపు, అరిషడ్వర్గం కామక్రోధాదుల గుంపు. మన ఎన్నికల్లో ఓటర్లను నివాసాన్ని బట్టి విడదీస్తారు కనుక 'నియోజకవర్గ పర్యటన', 'నియోజకవర్గ కేంద్రం' అని వాడగా వాడగా మాట మనుషుల మీది నుంచి నేల మీదికి జరిగింది. అది తప్పు కాదు. అయితే పాత అర్థం ఇంకా బతికే ఉంది.

1932 నాటి పూనా ఒప్పందం గురించి రాసేటప్పుడు 'ప్రత్యేక నియోజకవర్గాలు' అంటాం. అక్కడ వేరయ్యేది ఊరు కాదు, ఓటర్ల జాబితా. శాసనమండలి ఎన్నికలు వస్తే పత్రికలన్నీ 'పట్టభద్రుల నియోజకవర్గం', 'ఉపాధ్యాయ నియోజకవర్గం' అనే రాస్తాయి. ఒకే ఇంట్లో పట్టా ఉన్న కూతురు అందులో ఓటరు కాగలదు, పట్టా లేని తండ్రి కాలేడు. ఇంకా వెనక్కి వెళ్తే, 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం ప్రకారం ఏర్పడిన మద్రాసు శాసనసభలో 215 స్థానాలుండేవి. వాటిలో వర్తక పరిశ్రమలకు 6, భూస్వాములకు 6, కార్మికులకు 6, విశ్వవిద్యాలయానికి 1 కేటాయించారు. ఆంధ్ర జిల్లాలూ ఆ రాష్ట్రంలోనివే కాబట్టి, హాంకాంగ్ పద్ధతి మన తాతల కాలానికి బొత్తిగా పరాయిది కాదు.

హాంకాంగ్‌లో ఈ స్థానాలు 1985లో 12తో మొదలయ్యాయి. 2021 మార్పుల తర్వాత సభలోని 90 స్థానాల్లో 30 ఇలాంటివి. ప్రాంతాలవారీగా జనం నేరుగా ఎన్నుకొనేవి 20 మాత్రమే.

ఇక 'క్రియాత్మక'. ఇది నాకు సమ్మతం కాదు. దాన్ని చదివితే 'చురుగ్గా పనిచేస్తున్న నియోజకవర్గం' అని తోస్తుంది. ఇక్కడ 'ఫంక్షన్' అంటే సమాజంలో ఒక రంగం నిర్వర్తించే పని. చీనీ భాషలో ప్రాంతీయ స్థానానికి 'ఎన్నిక ప్రాంతం' అనే అర్థమిచ్చే మాట వాడతారు. ఈ స్థానాలకు మాత్రం ఆ మాట వాడరు, రంగాల విభజనను సూచించే వేరే మాట ఉంది. 'వృత్తి నియోజకవర్గం' అనే మాట న్యాయవాదులకు, వైద్యులకు అతుకుతుంది కానీ బ్యాంకుకు వృత్తి ఏమిటి? అందుకే 'రంగాలవారీ నియోజకవర్గం' నాకు నచ్చుతుంది. 'వారీ' అరువు ప్రత్యయమే అయినా 'జిల్లాలవారీ', 'గ్రామాలవారీ' అని అందరి నోటా నలిగినదే. విడిగా చెప్పేటప్పుడు 'బీమా రంగ నియోజకవర్గం' అంటే చాలు.

'రిజర్వు చేసిన' అన్న మాట దగ్గర మరింత జాగ్రత్త కావాలి. మన వాడుకలో ఎస్సీ రిజర్వుడు స్థానమంటే పోటీ చేసేవారు ఆ కులాలవారై ఉండాలి, ఓటు మాత్రం అక్కడి ఓటర్లందరిదీ. హాంకాంగ్‌లో అలా కాదు, ఓటే ఆ రంగం వారిది. ఒకే మాట రెంటికీ వాడితే, సామాజిక న్యాయం కోసం వచ్చిన ఏర్పాటూ వ్యాపారులకిచ్చిన ఓటూ ఒకటేనని పాఠకుడు పొరబడతాడు. అది భాషకే కాదు, చరిత్రకూ అన్యాయం. 'బీమా రంగానికి కేటాయించిన స్థానం' అని రాయండి. ఆ స్థానంలో ఓటరు మనిషి కాదు, కంపెనీ. దాని తరఫున అధీకృత ప్రతినిధి వచ్చి ఓటు వేస్తాడు. కాబట్టి అలాంటి చోట 'ఓటర్లు' అనకుండా 'ఓటున్న సంస్థలు' అంటే అర్థం స్పష్టంగా ఉంటుంది.