బంగ్కా ఎక్కే ముందు, దీవిలో దిగాక

చిరంజీవి బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నీ మెసేజ్ చూశాను. క్రిస్మస్ సెలవులకి నీ రూమ్మేట్ వాళ్ళ ఊరు వెళ్తున్నావన్నమాట, బొహోల్‌లో టుబిగాన్ ఎదురుగా ఉన్న ఆ చిన్న దీవికి. మీ అమ్మ నిన్న రాత్రే ఫోన్ చేసి "నువ్వు చెప్తే వింటుంది, వద్దని చెప్పక్కా" అంది. నేను వెళ్ళమనే చెప్తున్నాను. దవావోలో హాస్టల్, మెడికల్ కాలేజీ, మనవాళ్ళ మెస్సులో పప్పుచారు, ఇంతే చూసి డిగ్రీ పట్టుకుని వచ్చేస్తే 7,641 దీవులున్న ఫిలిప్పీన్స్‌లో చదువుకున్నానని చెప్పుకోవడానికి ఏముంటుంది? మీ పెద్దనాన్న లాస్ బాన్యోస్ వరి పరిశోధనా సంస్థలో పనిచేసిన రోజుల్లో సెలవు దొరికితే చాలు, మేం సెబు, బొహోల్ ఉన్న విసాయాస్ దీవులకే పోయేవాళ్ళం. అక్కడ నేర్చుకున్నవి నీకు పనికొస్తాయని రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు నీ రిటర్న్ టికెట్ మార్చుకో. 2వ తేదీ సాయంత్రం సెబు నుంచి ఫ్లైట్ అనీ, ఆ రోజు పొద్దున్నే దీవిలో బయల్దేరతాననీ రాశావు. అలా పెట్టుకోకు. మధ్యలో రెండు రోజులు ఖాళీ ఉంచు. డిసెంబరంటే అక్కడ అమిహాన్ కాలం, ఈశాన్యపు గాలి. తెల్లవారి సముద్రం చక్కగా ఉండి మధ్యాహ్నానికి లేచిపోతుంది. తుఫాన్ల కాలం అయిపోయిందిలే అనుకోవద్దు. 2021లో ఒడెట్ తుఫాను ఆ దీవుల మీద పడింది డిసెంబరు 16న. అక్కడి వాతావరణ శాఖ పేరు పగాసా. తుఫాను సిగ్నల్ ఒకటో నంబరు పెట్టినా, పెద్దగాలుల హెచ్చరిక ఇచ్చినా కోస్ట్ గార్డ్ చిన్న పడవల్ని ఆపేస్తుంది. మన విశాఖ, కాకినాడ రేవుల్లో ఎగరేసే ఒకటో నంబరు హెచ్చరిక విని "ఓస్, ఒకటేగా" అనుకోవడం మనకి అలవాటు. అక్కడ మొత్తం అయిదే నంబర్లు. ఒకటికే రేవు మూతపడుతుంది.

హెచ్చరిక లేని రోజున ఇంకో చిక్కు ఉంది. నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. ఆ ఊళ్ళలో అతిథి అడిగితే లేదనరు. "ఇవాళ వెళ్ళొచ్చా నోంగ్ (అన్నా)?" అని నువ్వు టెన్షన్ పడుతూ అడిగితే, పడవ నడిపే ఆయన ఓసారి సముద్రం వైపు చూసి, తల గోక్కుని, నవ్వి "వెళ్దాంలే" అంటాడు. ఆ నవ్వుని ఒప్పుకోలు కింద తీసుకోకు. నీకు ఫ్లైట్ ఉందని తెలిస్తే, నిన్ను ఇబ్బంది పెట్టలేక ఆయన ఇబ్బంది పడతాడు. అందుకే ప్రశ్న మార్చు. "మీ పనే అయితే మీరు ఇవాళ వెళ్తారా, రేపు వెళ్తారా?" అని అడుగు. రేపు అన్నాడంటే రేపే. పక్కవాళ్ళ పడవలు ఒడ్డుకి లాగేసి ఉంటే అసలు అడగనే వద్దు.

ఇక పడవ సంగతి. బంగ్కా అంటే సన్నటి పడవ. దానికదే నీళ్ళలో నిలబడలేనంత సన్నం. రెండు పక్కలా అడ్డ కర్రలు చాచి, వాటి చివర లావుపాటి వెదురు బొంగుల్ని నీళ్ళకి ఆనేలా కడతారు. ఆ బొంగుల్ని కతిగ్ అంటారు. తాడు మీద నడిచేవాడి చేతిలో పొడుగు కర్ర ఏం చేస్తుందో ఇవీ అదే చేస్తాయి. పడవ ఎడమకి ఒరిగితే ఆ పక్క వెదురు నీళ్ళలోకి దిగుతుంది. లోపల కణుపు కణుపుకీ గాలి ఉంటుంది కాబట్టి నీరు దాన్ని పైకి నెడుతుంది. అవతలి పక్క బొంగు గాల్లోకి లేచి తన బరువుతో కిందకి లాగుతుంది. పడవ సన్నగా, తేలిగ్గా ఉంటుంది కాబట్టి చిన్న ఇంజన్ చాలు, మోకాలి లోతు నీళ్ళున్నా పగడపు దిబ్బల మీదుగా పోతుంది. వెనకటి రోజుల్లో నీళ్ళు తోడే పంపుల ఇంజన్లు బిగించేవారు. అందుకే ఇప్పటికీ సెబు, బొహోల్ వైపు వాటిని పంప్ బోట్లే అంటారు. చప్పుడు కూడా మన చేల దగ్గర ఆయిల్ ఇంజను చప్పుడే, చెవిలో దూది పెట్టుకో.

పూర్వం అడుగుభాగం ఒకే మానుని తొలిచి చేసేవారు. అంత పెద్ద చెట్లు ఇప్పుడు ఎక్కడున్నాయి? చాలావాటికి పక్కలు ప్లైవుడ్. కట్లు మాత్రం మారలేదు. వెదురుకి మేకు కొట్టరు. కొడితే చీలుతుంది, కణుపులోకి నీళ్ళు దూరతాయి. నైలాన్ దారంతో, గాలానికి వాడే దారమే, బిగించి కడతారు. అల కొట్టినప్పుడు ఆ కట్టు పిసరంత కదలనిస్తుంది, అందుకే కర్ర విరగదు. అయినా వెదురు ఏడాదికో రెండేళ్ళకో పాడైపోతుంది, మార్చాల్సిందే. ఎక్కే ముందు నువ్వు చూడాల్సింది ఇదే. బొంగులు నిండుగా, పచ్చగానో పసుపుగానో ఉన్నాయా, నల్లబడి నెర్రెలిచ్చాయా? కట్లు బిగువుగా ఉన్నాయా, దారాలు వేలాడుతున్నాయా? మనుషులు ఎక్కాక రెండు పక్కల బొంగులూ నీళ్ళలో మునిగిపోయి ఉంటే ఆ పడవలో బరువు ఎక్కువైనట్టు. దిగిపో, ఏమీ అనుకోరు. మొహమాటానికి కూర్చోవద్దు.

మీ అమ్మకి చూపించకు గానీ రెండు ప్రమాదాలు చెప్తాను. 2019 ఆగస్టు 3న ఇలోఇలోకీ గిమారాస్‌కీ మధ్య ఒకే రోజు మూడు బంగ్కాలు బోల్తాపడి 31 మంది పోయారు. ఉన్నట్టుండి గాలివాన వచ్చింది. (నెలన్నర తిరక్కుండానే మన గోదావరి మీద కచ్చులూరు దగ్గర లాంచీ మునిగింది. ఆ ఏడాది పడవ మాటెత్తితే మీ అమ్మ దండం పెట్టేది.) పెద్ద బంగ్కాలకి వానజల్లు పడకుండా పక్కలకి టార్పాలిన్ దించుతారు. అది గాలిని పట్టేస్తుంది, పడవ తిరగబడితే లోపలివాళ్ళని బయటికి రానివ్వదు. కాబట్టి పరదా కట్టేసిన మూల కూర్చోకు, తడిస్తే తడిశావు. రెండోది 2023 జులై 27న, లాస్ బాన్యోస్‌లో మేం రోజూ చూసిన సరస్సులోనే, బినంగోనాన్ దగ్గర. ఒడ్డు దగ్గర్లోనే ఉంది. గాలి కొట్టేసరికి జనం భయపడి అందరూ ఒకే పక్కకి జరిగారు, కతిగ్ విరిగింది, 20 మందికి పైగా చనిపోయారు. ఎక్కించుకోవాల్సిన వాళ్ళకంటే ఎక్కువమంది ఉన్నారు అందులో. పక్కవాళ్ళు ఎంత అరిచినా నువ్వు కూర్చున్న చోటే కూర్చో. డాల్ఫిన్లు కనిపించాయని ఎవరైనా కేకేసినా అంతే. లైఫ్ జాకెట్ తలకింద పెట్టుకోవడానికి ఇవ్వరు, తొడుక్కుని తాళ్ళు కట్టుకో. స్థానికులు వేసుకోకపోతే నీకేం?

ఒడ్డు నుంచి పడవ ముక్కు మీదకి సన్నటి పలక వేస్తారు. కుర్రాళ్ళు పక్కన ఓ వెదురు కర్ర పట్టుకుంటారు, దాన్ని చేత్తో పట్టుకుని చెప్పులు విప్పి నడువు. బ్యాగు వాళ్ళకివ్వు. కతిగ్ మీద మాత్రం కాలు పెట్టకు. రేవులో పడవలు దగ్గర దగ్గరగా ఉండి ఒకదాని బొంగు ఇంకోదాని మీదకి ఎక్కుతూ ఉంటుంది, ఆ సందులో వేళ్ళు పెడితే నలిగిపోతాయి. కూర్చోవడం నడుమ. ముందు కూర్చుంటే నీళ్ళు, వెనక పొగ. వాంతుల మాత్ర ఎప్పుడు వేసుకోవాలో డాక్టరమ్మకి నేను చెప్పక్కర్లేదు. ఫోను, పాస్‌పోర్టు రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టు. కోస్ట్ గార్డ్ వాళ్ళు ప్రయాణికుల లిస్టు రాస్తుంటే పేరు పూర్తిగా రాయించుకో.

అక్కడ పడవ టైము గడియారాన్ని బట్టి ఉండదు, పోటుని బట్టి ఉంటుంది. నీళ్ళు వెనక్కి తీసినప్పుడు దీవి చుట్టూ దిబ్బలు బయటపడతాయి, పడవ దూరంగానే ఆగిపోతుంది, మిగతాది నడకే. రబ్బరు చెప్పులు విప్పకు, అడుగున సముద్రపు ముళ్ళకాయలుంటాయి. అదే నీళ్ళలో ఆడవాళ్ళు, పిల్లలు వంగి గవ్వలు, నత్తలు ఏరుతుంటారు. సరదాకనుకునేవు, రాత్రి కూరకి. అడిగితే నిన్నూ తీసుకెళ్తారు.

ఇంకో విషయం. 2013 అక్టోబరు 15న బొహోల్‌లో 7.2 తీవ్రతతో భూకంపం వచ్చింది కదా, అప్పుడు టుబిగాన్ ఎదురుగా ఉన్న కొన్ని దీవులు కుంగిపోయాయి. పున్నమికి, అమావాస్యకి పెద్ద పోటు వచ్చినప్పుడు వీధుల్లోకి, ఇళ్ళలోకి నీళ్ళొస్తాయి. జనం పగడపు రాళ్ళు పోసి నేల ఎత్తు చేసుకున్నారు, కొందరు ఇళ్ళనే పైకి లేపుకున్నారు. ఒడ్డున స్థలాలిస్తాం రమ్మని సర్కారు అడిగినా చాలామంది కదల్లేదు. చేపలు ఇక్కడున్నప్పుడు అక్కడికెళ్ళి ఏం చేస్తాం అంటారు. నువ్వు వెళ్ళాక అలాంటి నీళ్ళు గదిలోకి వస్తే గాభరా పడకు, ఫోటోలు తీసి అయ్యో పాపం అని పెట్టకు. బ్యాగు మంచం మీద పెట్టి వాళ్ళతోపాటు కూర్చో.

మంచినీళ్ళ దగ్గర జాగ్రత్త. ఆ బుల్లి దీవుల్లో బావులుంటే ఉప్పువే. వాననీళ్ళు పట్టుకుంటారు, లేకపోతే టుబిగాన్ నుంచి క్యాన్లలో పడవ మీద వస్తాయి, ప్రతి క్యానుకీ డబ్బు కట్టాలి. అతిథివని నీకోసం నిండు బకెట్టు పెడతారు. ఇందాక పడవాయన గురించి చెప్పిందే ఇక్కడా. చాలు అని వాళ్ళు అనరు, నువ్వే అనాలి. బకెట్టూ మగ్గూ మనకి అలవాటేగా, సగంతో కానిచ్చేయ్. వెళ్ళేటప్పుడు టుబిగాన్‌లోనే రెండు పెద్ద క్యాన్లు కొని పడవలో వేయించు, దానికంటే మంచి కానుక ఉండదు. దవావో నుంచి పంపర పనసలు పట్టుకెళ్ళు. దురియాన్ పండు విమానంలో చేత్తో పట్టుకెళ్ళనివ్వరు, దాంతో చేసిన బిళ్ళలు దొరుకుతాయి.

చేపలు తినవుగా నువ్వు. ఆ మాట అక్కడ కంచం ముందు కూర్చున్నాక చెప్పకు, ఇప్పుడే నీ ఫ్రెండ్‌కి చెప్పు, వాళ్ళమ్మ పాపం రెండ్రోజుల ముందు నుంచే ఆలోచించుకుంటుంది. అక్కడ మునగాకు పెరట్లో ఉంటుంది, కముంగ్గాయ్ అంటారు. గుమ్మడికాయ, బెండకాయ వేసి పులుసులా కాస్తారు. రుచికి గినమోస్ అని చేప ఊరవేసిన ముద్ద వేస్తారు, అది వద్దని విడిగా చెప్పాలి, లేకపోతే అది చేప కింద లెక్కే కాదు వాళ్ళకి. లాతో అనే సముద్రపు నాచు, పచ్చ పూసల గుత్తిలా ఉంటుంది, వెనిగర్ వేసి తింటారు. నాకు నచ్చలేదు, నీకు నచ్చొచ్చు. అన్నంలో కొన్ని ఇళ్ళల్లో మొక్కజొన్న నూక కలుపుతారు. ఎవరింటి ముందు నుంచి వెళ్ళినా తింటున్నవాళ్ళు "కావోన్ తా" అంటారు, రా తిందాం అని. ప్రతి ఇంట్లో కూర్చోనక్కర్లేదు. "హుమాన్ నా, సలామత్" అని నవ్వితే సరిపోతుంది.

ఎవరింటికైనా వెళ్తే గుమ్మం బయటే నిలబడి "ఆయో!" అని పిలు. అవ్వలు, తాతలు కనిపిస్తే వాళ్ళ చెయ్యి అందుకుని నీ నుదుటికి ఆనించుకో, మనం కాళ్ళకి దండం పెట్టడం లాంటిది. పెద్దాయన్ని నోంగ్ అను, పెద్దావిడని నాంగ్ అనో నీ ఫ్రెండ్ ఎలా పిలిస్తే అలానో పిలువు. తెల్లవారకముందే చర్చికి లేపుతారు, 16 నుంచి 24 దాకా రోజూ ఉంటుంది. నిద్రపోదామన్నా కోళ్ళు నిద్రపోనివ్వవు. ప్రతి ఇంటి ముందూ ఓ పందెం కోడి ఉంటుంది, మీ నాన్న చూస్తే భీమవరం గుర్తొస్తుంది.

నువ్వు మెడిసిన్ చదువుతున్నావని తెలిసిన గంటలో వరండాలో నలుగురు కూర్చుంటారు. దోక్, దోక్ అంటారు, కడుపులో సంతోషంగా ఉంటుంది. బీపీ మిషను ఉంటే బీపీ చూడు. మందు పేరు చెప్పకు, యాంటీబయాటిక్ అసలే వద్దు. నువ్వింకా స్టూడెంటువి, నీ మాట మీద వాళ్ళు ఆరు నెలలు నడుస్తారు. ఊళ్ళో ఆరోగ్య కార్యకర్త ఒకావిడ ఉంటుంది, ముందు ఆవిణ్ణి కలిసి ఆవిడ పక్కన కూర్చో. టుబిగాన్ వెళ్ళాల్సినవాళ్ళు ఎవరో ఆవిడకి నీకంటే బాగా తెలుసు.

చిల్లర పెసోలు తీసుకెళ్ళు, వెయ్యి నోటు అక్కడ ఎవరూ మార్చలేరు. వచ్చేటప్పుడు దంగ్గిత్ అనే ఎండు చేప ఓ అరకిలో తీసుకురా, నువ్వు తినకపోయినా మీ పెద్దనాన్న తింటారు. మూడు కవర్లలో చుట్టు, లేకపోతే హాస్టల్లో నిన్ను బయటికి పంపిస్తారు. మీ అమ్మతో నేను మాట్లాడతాను. టికెట్ మార్చాక నాకు ఫోటో పెట్టు, అప్పుడు మాట్లాడతాను.

ఇట్లు,
పెద్దమ్మ