ఆ రాత్రి ఆ కుర్రాడి నొప్పిని నేను నమ్మలేదు

మీ చెల్లెలికి ఎంబీబీఎస్‌లో సీటు వచ్చిందని, కాలేజీల్లో కులం, ప్రాంతం మీద ఉండే చిన్నచూపు రోగికిచ్చే వైద్యం దాకా వెళ్తుందా అని అడిగారు. వెళ్తుంది. నా చేతుల మీదుగానే వెళ్ళింది.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక రాత్రి పాడేరు వైపు నుంచి 108లో పంతొమ్మిదేళ్ళ ఆదివాసీ కుర్రాణ్ణి తెచ్చారు. కాళ్ళు, నడుము విపరీతమైన నొప్పి. బీపీ, పల్స్ బాగున్నాయి. ఎక్స్‌రేలో ఏమీ లేదు. "వీళ్ళింతే, తాగొచ్చి నటిస్తారు" అన్నాడు మా సీనియర్. కేస్ షీట్‌లో "ఒళ్ళు నొప్పులు" అని రాసి, ఒక ఇంజెక్షన్ చేయించి వదిలేశాను. ఆ పిల్లాడు అరవను కూడా లేదు. మంచం ఇనుప చువ్వని రెండు చేతులతో బిగించి పట్టుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. వాళ్ళమ్మకి తెలుగు అంతంతమాత్రం. "ఎముక లోపల మండుతుంది బాబూ" అన్న ఒక్క మాటే తెల్లార్లూ అంటూనే ఉంది.

పొద్దున రౌండ్స్‌లో మేడమ్ అతని కింది కనురెప్ప లాగి చూశారు. తెల్లగా పాలిపోయి ఉంది, కళ్ళు పచ్చబడ్డాయి. "సికిల్ టెస్ట్ పంపారా?" ఎవరం పంపలేదు. సాయంత్రానికి పాజిటివ్ వచ్చింది. సికిల్ సెల్‌లో ఎర్రకణాలు కొడవలిలా వంగి సన్నటి రక్తనాళాలకి అడ్డం పడతాయి. ఎముకకి రక్తం అందక వచ్చే ఆ నొప్పి ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. ఆదివాసీల్లో ఈ జబ్బు ఎక్కువని సెకండియర్‌లోనే చదివాను, పరీక్షలో రాశాను కూడా. తెలియక చేసిన తప్పు కాదది.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఇంకొకటుంది. ఫస్టియర్ హాస్టల్లో సీనియర్లు "ర్యాంకెంత?" అని అడిగితే తల దించుకున్నవాణ్ణి నేను. ఆ ప్రశ్న కులం కోసమేనని అందరికీ తెలుసు. అంత పడి కూడా, "వీళ్ళింతే" అన్న మాట విని ఊరుకున్నాను.

ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో వర్జీనియా యూనివర్సిటీవాళ్ళు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, 222 మంది తెల్లజాతి మెడికల్ విద్యార్థులు, రెసిడెంట్లలో దాదాపు సగం మంది "నల్లవాళ్ళ చర్మం మందం" లాంటి తప్పుడు నమ్మకాల్లో ఒక్కటైనా నిజమనో, నిజం కావచ్చనో అన్నారు. అలా నమ్మినవాళ్ళు నల్లజాతి రోగి నొప్పిని తక్కువగా అంచనా వేశారు.

2019 నుంచి మన ఎంబీబీఎస్‌లో రోగితో మాట్లాడే తీరు, వైద్య నీతి మీద ఏట్‌కామ్ అనే క్లాసులున్నాయి. మంచిదే. కానీ పిల్లలు నేర్చుకునేది రాత్రి డ్యూటీలో సీనియర్ నోటి నుంచి. అందుకే నా యూనిట్‌లో రోగి బాధని రోగి మాటల్లోనే రాయిస్తాను. నొప్పి పదికి ఎంతో అడగమంటాను. భాష రాకపోతే ఆ భాష వచ్చిన ఆయానో, అటెండర్‌నో పిలవందే హిస్టరీ పూర్తయినట్టు ఒప్పుకోను. "వీళ్ళింతే" అని వినబడితే రౌండ్స్ అక్కడే ఆపుతాను.

మీ చెల్లెల్ని ఎవరైనా ర్యాంకు అడిగితే చెప్పాల్సిన పని లేదని ఇప్పుడే చెప్పండి. గట్టిగా అడిగితే యాంటీ ర్యాగింగ్ కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వమనండి, కాపీ ఒకటి దగ్గర ఉంచుకోమనండి.