కోరుట్ల గుడ్లగూబ, మెనాండర్ మహారాజు

ప్రశ్న: మా బావగారు పదేళ్లు గల్ఫ్‌లో పనిచేసి వచ్చారు. ఆయన పాత సూట్‌కేస్‌లో గుడ్లగూబ బొమ్మ, గ్రీకు అక్షరాలు ఉన్న నాణెం దొరికింది. ఏథెన్స్ గుడ్లగూబ నాణేలు లక్షల్లో పలుకుతాయని వీడియోలో చూశాం. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఎక్కడ అమ్మాలి?
- ఒక పాఠకుడు, కోరుట్ల

జవాబు: ఫోటో చూశాను. ముందు ఆ టెన్షన్ తీసేస్తాను. పసుపు అంచు, మధ్యలో తెల్ల బిళ్ల, గుడ్లగూబ పక్కన ఒకటి అంకె, చుట్టూ పన్నెండు నక్షత్రాలు. అది గ్రీసు దేశపు ఒక యూరో నాణెం. 2002 నుంచి చలామణిలో ఉంది. ఇవాళ్టి లెక్కన వంద రూపాయలకు అటూ ఇటూ.

వీడియో పూర్తిగా అబద్ధం కాదు. యూరో మీద గుడ్లగూబను పాత ఏథెన్స్ నాణెం చూసే గీశారు. అసలుది మొత్తం వెండి. బరువు సుమారు 17.2 గ్రాములు, అంటే పాత తులం లెక్కన తులంన్నరకు కాస్త తక్కువ. ఒకవైపు ఎథీనా దేవత తల, రెండోవైపు గుడ్లగూబ, ఆలివ్ రెమ్మ, ఊరి పేరులోని మూడు గ్రీకు అక్షరాలు. అంకె ఉండదు, నక్షత్రాలుండవు. బావగారి జ్ఞాపకంగా దాచుకోండి.

ప్రశ్న: ఇంటర్ చదివే మా అబ్బాయికి గ్రీకు నాణేల పిచ్చి పట్టింది. అలెగ్జాండర్ వెండి నాణెం కొనిపెట్టమని ఒకటే గొడవ. నకిలీలు ఎక్కువంటున్నారు. ఎలా గుర్తుపట్టాలి?
- ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, ఈ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత నాకు 18,000 రూపాయలు పోసి వచ్చింది. వరంగల్‌లో బ్యాంకు క్యాషియర్‌గా 31 ఏళ్లు చేశాను. దొంగ నోటును కళ్లు మూసుకుని వేలితో తడిమి పట్టేవాణ్ని. ఆ పొగరుతోనే 2008లో హైదరాబాద్‌లో ఒక అమ్మకందారు దగ్గర అలెగ్జాండర్ నాణెం కొన్నాను. ఇంట్లో మా ఆవిడకు 1,800 అని చెప్పాను. ఈ శీర్షిక ఆమె చదవదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

ఆరు నెలలు రోజూ చూసుకుని మురిసిపోయాను. ఒక ఆదివారం మా అవుసలి మిత్రుడు దాన్ని చేతిలోకి తీసుకుని ఏమీ అనకుండా కాటా బయటికి తీశాడు. బరువు 16.4 గ్రాములు. అలెగ్జాండర్ నాలుగు ద్రాఖ్మల (ద్రాఖ్మ అంటే అప్పటి గ్రీకు నాణేల లెక్క) నాణేలు కూడా ఏథెన్స్ తూకంలోనే, 17 గ్రాముల పైచిలుకు ఉంటాయి. అరిగి తగ్గింది కావచ్చని నేను వాదించాను. అప్పుడు గ్లాసులో నీళ్లు పోసి కాటా మీద పెట్టి, సున్నాకు తెచ్చాడు. నాణేన్ని దారానికి కట్టి, అడుగు తగలకుండా నీళ్లలో వేలాడదీశాడు. కాటా 1.92 గ్రాములు చూపింది, అంటే నాణెం ఎంత చోటు పడుతుందో అంత నీటి బరువు. 16.4ను 1.92తో భాగిస్తే ఎనిమిదిన్నర, అంటే ఆ లోహం నీటికంటే ఎన్ని రెట్లు బరువో ఆ లెక్క. మేలిమి వెండికి పదిన్నర రావాలి. ఎనిమిదిన్నర అంటే ఇత్తడి సంగతి. పైన వెండి పూత అంతే.

ఆ తర్వాత కళ్లు తెరిచి చూస్తే అన్నీ కనబడ్డాయి. అంచు చుట్టూ సన్నటి గీత, అంటే రెండు అచ్చుల మధ్య కరిగించి పోసింది. పైన సూది మొన లాంటి బుడగల గుంటలు. అసలు నాణేన్ని పోయరు. వేడిచేసిన వెండి బిళ్లను రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొడతారు. అందుకే బొమ్మ ఒక పక్కకు జరుగుతుంది, అంచు చీలుతుంది. ఒకే గాటు ఒకే చోట ఉన్న రెండు నాణేలు కనిపిస్తే ఒకే అచ్చులో పోసినవన్నమాట, రెండూ అక్కడే పెట్టి వచ్చేయండి.

ఇంకో మాట. దాని మీద సింహం తోలు కప్పుకున్న ముఖం అలెగ్జాండర్‌ది అనుకుంటాం. అది హెరాక్లీస్ అనే వీరుడిది. వెనక గద్దను చేతిలో పట్టుకుని కూర్చున్నది జ్యూస్ దేవుడు. అలెగ్జాండర్ చనిపోయిన తర్వాత కూడా ఆయన పేరుతో ఇవి చాలా కాలం కొట్టారు.

మీ అబ్బాయికి నా సలహా అలెగ్జాండర్ కాదు, మెనాండర్. క్రీ.పూ. 2వ శతాబ్దంలో కాబూల్ నుంచి పంజాబ్ దాకా ఏలిన గ్రీకు రాజు. ఆయన చిన్న వెండి నాణెం రెండున్నర గ్రాములు కూడా ఉండదు, ధర కూడా అలెగ్జాండర్ అంత ఉండదు. ఒకవైపు గ్రీకులో 'బసిలేయోస్ సోటేరోస్ మెనాండ్రూ' అని, రెండోవైపు వాయవ్య భారతంలో అప్పట్లో వాడిన ఖరోష్ఠీ లిపిలో, కుడి నుంచి ఎడమకు, 'మహరజస త్రతరస మెనంద్రస' అని ఉంటుంది. మహారాజు, త్రాత. తెలుగు చదివినవాడికి వీటి అర్థం చెప్పాలా? ఇలా రెండు భాషల్లో ఉన్న నాణేల సాయంతోనే 1830ల్లో జేమ్స్ ప్రిన్సెప్ అనే ఆంగ్లేయ పండితుడు ఖరోష్ఠీ అక్షరాలను విప్పాడు. మీ వాడు కూడా ఒక సెలవురోజు మధ్యాహ్నం కూర్చుంటే ఒక నాణెం చదివేస్తాడు. బౌద్ధ గ్రంథాల్లో నాగసేన భిక్షువును ప్రశ్నల మీద ప్రశ్నలు వేసి వేధించిన మిళిందుడు ఈయనే. ప్రశ్నలూ జవాబులూ రాసుకుని బతికే నాకు ఇంతకంటే దగ్గరి రాజు ఎవరుంటారు?

కొన్నాక మాత్రం, అమ్మా, పండుగ సామానుతో కలిపి చింతపండు పెట్టి తోమకండి. పాత వెండి మీద పట్టిన నలుపు పోతే సగం విలువ పోయినట్టే.

ప్రశ్న: మా ఊరు గోదావరి ఒడ్డున. మన దగ్గర గ్రీకు నాణేలు దొరుకుతాయా? పొలంలో ఏదైనా దొరికితే మనమే ఉంచుకోవచ్చా?
- ఒక రైతు, ధర్మపురి

జవాబు: మీకు దగ్గర్లోనే కోటిలింగాల ఉంది. అక్కడ దొరికినవి శాతవాహనులవి, వాళ్లకంటే ముందు ఏలిన గోభద, నారన, సమగోప లాంటి వాళ్లవి. పెద్దబంకూర్‌లో రోమన్ నాణేలు కూడా దొరికాయి.

అయితే గ్రీకు అక్షరాలు శాతవాహనుల చేతుల్లోకి రాకపోలేదు. క్షహరాత వంశపు రాజు నహపానుడి వెండి నాణేల మీద గ్రీకు అక్షరాలుండేవి. గౌతమీపుత్ర శాతకర్ణి అతన్ని ఓడించి, ఆ నాణేలనే తీసుకుని తన గుర్తులు పైన కొట్టించాడు. నాసిక్ దగ్గర జోగల్‌థెంబిలో 1906లో 13 వేలకు పైగా వెండి నాణేలు బయటపడితే, వాటిలో ఎక్కువ భాగం ఇలా రెండోసారి దెబ్బ తిన్నవే. కింద నహపానుడి ముఖం, గ్రీకు అక్షరాల ముక్కలు, పైన శాతకర్ణి గుర్తు. నాసిక్ కూడా గోదావరి ఒడ్డే కదా.

ఇక దొరికితే ఉంచుకోవచ్చా అంటే, కుదరదు. 1878 నాటి నిధుల చట్టం ఇంకా అమల్లో ఉంది. భూమిలో దాగి ఉన్నది పది రూపాయల విలువ దాటితే జిల్లా కలెక్టర్‌కు రాసి తెలపాలి. దొరికినవాడికీ, భూమి యజమానికీ అందులో హక్కులున్నాయి. దాచిపెడితే మాత్రం ఏడాది దాకా జైలు పడవచ్చు. ఎవరైనా విదేశానికి కొరియర్ చేయమంటే అసలు ఒప్పుకోకండి, 1972 చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణేన్ని మనం బయటి దేశానికి పంపకూడదు. నాగలికి కుండ తగిలితే నాణేలను విడదీయకుండా, కడగకుండా, ఏ చోట ఎంత లోతులో దొరికిందో ఫోన్‌తో ఫోటో తీసి పెట్టండి. పదో ఇరవయ్యో పక్కకు తీస్తే మిగిలినవి ఏ రాజుకు ముందో, ఎవరికి వెనకో తేల్చడం కష్టమవుతుంది.